నమ్మకం కుదరకముందే దేవుణ్ణి వెదకవచ్చా? జ్ఞానుల కథ నాకు చూపించింది

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: "దేవుణ్ణి వెదకాలని ఉంది, కానీ నమ్మకం ఇంకా కుదరలేదు, లోపల ఏమీ అనిపించడం లేదు. నమ్మేవాళ్ల ప్రవర్తన చూస్తే ఉన్న ఆసక్తి కూడా పోతోంది. క్రిస్మస్ కథలో జ్ఞానులకు నక్షత్రం కనిపించింది, పసివాడైన యేసును చూడడానికి బయలుదేరారు. ఈ రోజుల్లో నాలాంటివాళ్లకు ఏముంది?" ఈ ప్రశ్న చుట్టూ నేనూ చాలా ఏళ్లు తిరిగాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా, మనం క్రిస్మస్ నాటకాల్లో చూసిన జ్ఞానులను పక్కనపెట్టి మత్తయి సువార్త రెండో అధ్యాయం తీయండి. వీళ్ల గురించి చెప్పింది ఆయనొక్కడే, అదీ 12 వచనాల్లో. ముగ్గురని అక్కడ లేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కానుకలున్నాయి కాబట్టి ముగ్గురై ఉంటారని తర్వాతివాళ్లు అనుకున్నారు. సిరియా క్రైస్తవుల పాత సంప్రదాయం పన్నెండుమంది అంటుంది. రాజులనీ లేదు, ఒంటెలూ లేవు. గాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అనే పేర్లు కొన్ని శతాబ్దాల తర్వాత చేరాయి. వాళ్లు వచ్చింది పశువుల తొట్టి దగ్గరికి కాదు, ఒక ఇంటికి.

ఇవన్నీ చిన్న విషయాలే. నన్ను ఆపేసింది వేరొకటి. వాళ్లు అసలు ఎవరు? తూర్పు దేశం నుంచి వచ్చిన పరదేశులు, నక్షత్రాలు చూసేవాళ్లు. ఏ దేశమో మత్తయి చెప్పలేదు. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న ప్రాచీన బబులోనులో మాత్రం ఆకాశంలో జరిగేవన్నీ మట్టి పలకల మీద తరతరాలుగా రాసిపెట్టేవారు. ఇశ్రాయేలు ప్రవక్తలకు ఆ జ్యోతిష్యం అంటే గిట్టదు. యెషయా 47వ అధ్యాయంలో బబులోను నక్షత్ర సూచకులను ఉద్దేశించి, వాళ్లొచ్చి నిన్ను రక్షిస్తారేమో చూద్దాం అని గట్టిగానే దెప్పిపొడుస్తాడు. ధర్మశాస్త్రం తెలిసిన యూదు పాఠకుల కోసం రాస్తూ, మత్తయి సరిగ్గా అలాంటివాళ్లనే యేసును వెదుక్కుంటూ వచ్చిన తొలి మనుషులుగా చూపించాడు. వాళ్ల చేతిలో లేఖనం లేదు. సరైన సిద్ధాంతం లేదు. "యూదుల రాజుగా పుట్టినవాడు ఎక్కడ?" అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. కాబట్టి మీ మొదటి సందేహానికి నా జవాబు: వెదకవచ్చు. ఈ కథలో వెదికినవాళ్లంతా అలా మొదలుపెట్టినవాళ్లే.

నక్షత్రం నిజమా అని కూడా మీకు అనిపించి ఉంటుంది. నేను దీనిమీద ఇష్టంగా చాలా చదివాను. క్రీ.పూ. 7లో గురు, శని గ్రహాలు మీన రాశిలో మూడుసార్లు దగ్గరగా వచ్చాయి. 1603లో అలాంటి కలయికనే కళ్లారా చూసిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ బేత్లెహేము నక్షత్రాన్ని ఈ లెక్కలతో కలిపి ఆలోచించాడు. యేసు పుట్టినప్పుడు యూదులను ఏలుతున్న రాజు హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని చాలామంది చరిత్రకారులు చెబుతారు కాబట్టి కాలం కూడా సరిపోతుంది. కానీ ఆ కలయికలో రెండు గ్రహాలు ఒకే చుక్కలా అతుక్కోలేదు, మధ్యలో చంద్రుడు పట్టేంత ఎడం ఉండేది. 2020 డిసెంబరు 21న అవే గ్రహాలు అంతకంటే చాలా దగ్గరగా వచ్చాయి, మీరూ చూసే ఉంటారు. ఒక ఇంటిమీద నిలిచిన నక్షత్రాన్ని ఏ గ్రహాల లెక్కా పూర్తిగా వివరించలేదని నా అభిప్రాయం. ఈ చర్చ ఆసక్తిగా ఉంటుంది, కానీ దీనితో నాకు దేవుడు దొరకలేదు.

కథలో నన్ను పట్టుకున్న చోటు యెరూషలేము. సాధారణంగా మనం నక్షత్రం వాళ్లను దారి పొడవునా నడిపించిందని ఊహించుకుంటాం. మత్తయి అలా రాయలేదు. తూర్పున చూశారు, బయలుదేరారు, రాజధానికి వచ్చి మనుషులను అడిగారు. నక్షత్రం మళ్లీ కనిపించింది హేరోదు దగ్గర నుంచి బయటికి వచ్చాకే. ఆ మధ్యలో వాళ్ల దగ్గర ఉన్నది జ్ఞాపకం మాత్రమే. బబులోను నుంచి యెరూషలేముకు రావడానికి పాత నిబంధనలోని ఎజ్రాకు నాలుగు నెలలు పట్టిందని ఆయన గ్రంథంలోనే ఉంది. జ్ఞానులు అక్కడినుంచే వచ్చి ఉంటే, అంత దూరమూ ఎప్పుడో చూసిన ఒక వెలుగును గుర్తుపెట్టుకుని నడిచారన్నమాట. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదని మీరు రాశారే, ఆ స్థితి వాళ్లకు కొత్తేం కాదు.

యెరూషలేములో వాళ్లకు సమాధానం ఎవరిచ్చారో చూడండి. ఈ మాట విని టెన్షన్ పడ్డ హేరోదు ప్రధాన యాజకులనూ శాస్త్రులనూ పిలిపించాడు. ఆ రాజు ఎక్కడ పుట్టాలని అడిగితే, వాళ్లు తడుముకోకుండా మీకా ప్రవక్త మాట చెప్పేశారు: బేత్లెహేము. అక్షరాలా సరైన జవాబు. అక్కడికి సుమారు 9 కిలోమీటర్లు, రెండు మూడు గంటల నడక. వాళ్లలో ఒక్కరు కూడా వెళ్లినట్టు మత్తయి రాయలేదు. ఇక ఆ జవాబు తెచ్చి జ్ఞానులకు చెప్పినవాడు ఆ బిడ్డను చంపాలని మనసులో పెట్టుకున్న రాజు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా నాన్నగారు పోయినప్పుడు, మేం వెళ్లే సంఘంలో పెద్దమనిషి ఒకాయన మా అమ్మతో, "మీ ఇంట్లో విశ్వాసం బలంగా ఉంటే ఆయన బతికేవాడు" అన్నారు. అంత్యక్రియల రోజే. అమ్మ ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ తర్వాత చాలాకాలం చర్చి గడప తొక్కలేదు. ఇందులో ఇంకా బాధ ఏమిటంటే, చిన్నప్పుడు సండే స్కూల్లో నాకు కీర్తనలు కంఠతా పట్టించింది ఆ పెద్దమనిషే. "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" అన్న వాక్యం మనసులోకి వచ్చినప్పుడల్లా ఆయన గొంతే వినిపించేది. ఆ గొంతు వద్దనుకుని వాక్యాన్ని కూడా దూరం పెట్టాను.

కొన్నేళ్ల తర్వాత ఒక డిసెంబరులో ఈ అధ్యాయం తీరిగ్గా చదువుతుంటే, జ్ఞానులు చేసిన రెండు పనులు పక్కపక్కన కనిపించాయి. హేరోదు సభలో విన్న మాటను నమ్మి బేత్లెహేముకు వెళ్లారు. కలలో హెచ్చరిక వచ్చాక హేరోదు దగ్గరికి తిరిగి వెళ్లకుండా వేరే దారిన తమ దేశానికి వెళ్లిపోయారు. మాట నిజం కాబట్టి తీసుకున్నారు. మనిషి ప్రమాదకరం కాబట్టి వదిలేశారు. ఈ రెండూ ఒకేసారి చేయవచ్చని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు! మా ఇంట్లోవాళ్లు "ఆయన్ని క్షమించి మళ్లీ ఆ సంఘానికే రా" అనేవారు. స్నేహితులు "అదంతా అబద్ధం, వదిలేయ్" అనేవారు. నేను ఆ సంఘానికి తిరిగి వెళ్లలేదు. ఆ కీర్తనను మాత్రం తిరిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు అది చదివితే నాన్న గుర్తొస్తారు.

కాబట్టి నమ్మేవాళ్ల ప్రవర్తన గురించి మీరు రాసినదాన్ని నేను కొట్టిపారేయను. లేఖనం బాగా తెలిసినవాళ్లు కదలకుండా కూర్చోవడం, అధికారం ఉన్నవాళ్లు దేవుడి పేరు వాడుకోవడం, ఇవి మత్తయి దాచిపెట్టిన విషయాలు కావు. రెండో అధ్యాయంలోనే రాసిపెట్టాడు. ఆ వెంటనే బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలను హేరోదు చంపించడం, పిల్లలు లేరని ఓదార్పు పొందని తల్లి రాహేలు ఏడ్పు కూడా ఉన్నాయి. ఆ వచనాలు నాకు ఇప్పటికీ మింగుడుపడవు. వాటిని వదిలేసి కానుకల దగ్గర ఆగిపొమ్మని ఎవరైనా మీకు చెబితే ఒప్పుకోకండి.

చివరికి జ్ఞానులు చూసింది ఏమిటి? ఒక మామూలు ఇల్లు, తల్లి, బిడ్డ. అక్కడ దేవదూతల పాట లేదు, ఆ బిడ్డ వాళ్లతో మాట్లాడలేదు. అయినా సాగిలపడ్డారు. నాకూ పెద్ద దర్శనం ఏదీ రాలేదు. వేరొక చిన్న సంఘంలో వెనక వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాను. అక్కడ ఒక పెద్దావిడ నేనెందుకు వచ్చానో, నమ్ముతున్నానో లేదో ఏమీ అడగలేదు. నాన్నగారి పేరు అడిగి, ఆ వారం మా అమ్మ కోసం ప్రార్థన చేస్తానంది. తర్వాతి వారం అమ్మ ఎలా ఉందని గుర్తుపెట్టుకుని అడిగింది. నా విశ్వాసం అలా, ఎప్పుడు వచ్చిందో చెప్పలేనంత నెమ్మదిగా తిరిగివచ్చింది. సందేహాలు ఇప్పటికీ ఉన్నాయి, అవి పెట్టుకునే ప్రార్థనకు వెళ్తాను.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, మత్తయి రెండో అధ్యాయం ఒకసారి మొత్తం చదివి, అక్కడినుంచి ఐదు, ఆరు, ఏడు అధ్యాయాల్లోని కొండమీద ప్రసంగానికి వెళ్లండి. జ్ఞానులు వెదికిన ఆ బిడ్డ పెద్దవాడై ఏం చెప్పాడో అక్కడ ఉంది. మీ ప్రశ్నలకు కోపం తెచ్చుకోని మనిషి ఒక్కరు దొరికితే వాళ్లను అడగండి, వాళ్లు ఏ సంఘం వాళ్లైనా ఫర్వాలేదు. ప్రార్థన ఎలా చేయాలో తెలియకపోతే మార్కు 9వ అధ్యాయం 24వ వచనంలో, జబ్బుపడ్డ కొడుకును తీసుకొచ్చిన ఒక తండ్రి యేసుతో అన్న మాట ఉంది: నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చేయి. చాలాకాలం నేను చేసిన ప్రార్థన అదొక్కటే.