గోల్‌పోస్టు వెనుక నుంచి వచ్చే మాటలు ఆటలో భాగమేనా?

సందేహం: మాది మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా. ప్రస్తుతం కాజీపేటలో ఉంటున్నాం. మా చెల్లెలికి 23 ఏళ్లు. హాకీ గోల్‌కీపర్. జీతం ఇచ్చి ఆడించే ఒక జట్టులో ఉంది. ఇటీవల హనుమకొండలో జరిగిన ప్రైజ్ మనీ టోర్నమెంటులో గోల్ వెనుక కూర్చున్న కొందరు యువకులు మొదట ఆమె పేరును సాగదీసి అరిచారు, గోల్ పడినప్పుడల్లా లెక్కపెట్టారు. చివరి క్వార్టర్‌కు వచ్చేసరికి ఆమె శరీరం గురించి, లంబాడాల గురించి ఇక్కడ రాయలేని మాటలన్నారు. నిర్వాహకుడికి చెబితే ‘టికెట్ కొన్నవాళ్ల నోరు మూయించలేం, కాసే చెట్టుకే రాళ్లు’ అన్నారు. విదేశాల్లో ప్రొఫెషనల్ ఐస్ హాకీలో గోలీని (గోల్‌కీపర్‌ను) వెక్కిరించడం మామూలేనని నా మిత్రుడు అంటున్నాడు. ఇది నేరమా? ఈసారి ఎవరైనా అలా అంటే స్టిక్‌తో సమాధానం చెబుతానని చెల్లెలు అంటోంది.
– ఒక పాఠకుడు, కాజీపేట

సమాధానం: మీ ఉత్తరంలోని మొదటి సగానికి, రెండో సగానికి చట్టం చెప్పే జవాబులు వేరు. కేసు పెట్టేటప్పుడు రెండింటినీ కలిపితే బలమైనది కూడా బలహీనపడుతుంది.

మొదటి సగం గురించి నేను మీ మిత్రుడి పక్షమే. పేరు సాగదీయడం, గోల్స్ లెక్కపెట్టడం, పెనాల్టీ కార్నర్ ముందు ఈలలు వేయడం, ‘ఇంటికి వెళ్లిపో’ అని అరవడం నేరాలు కావు. మామూలు బుద్ధి, మామూలు స్వభావం ఉన్న మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హానిని భారతీయ న్యాయ సంహిత 33వ సెక్షన్ నేరంగా లెక్కించదు. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చే భావప్రకటన స్వేచ్ఛ స్టేడియం గేటు దగ్గర ఆగిపోదు. ఎదుటి జట్టు ఏకాగ్రతను చెడగొట్టాలని ప్రేక్షకులు చూడటం కబడ్డీలో ఉంది, వాలీబాల్‌లో ఉంది, హాకీలోనూ ఉంటుంది. పరీక్ష హాలు మాదిరిగా నిశ్శబ్దంగా ఉండే మ్యాచ్‌కు నేనైతే టికెట్ కొనను.

అయితే మీ మిత్రుడు విదేశాల కథను సగంలో ఆపేశాడు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ మ్యాచ్‌లలో గోలీ పేరును రాగం తీసి అరవడం నిజంగానే అలవాటు. అదే లీగ్‌లో 2018 ఫిబ్రవరిలో షికాగోలో ఒక మ్యాచ్ జరిగింది. పెనాల్టీ బాక్సులో (తప్పు చేసిన ఆటగాణ్ని కాసేపు కూర్చోబెట్టే చోట) ఉన్న నల్లజాతి ఆటగాడు డెవాంటే స్మిత్-పెల్లీని చూసి కొందరు ‘బాస్కెట్‌బాల్’ అంటూ అరిచారు. ‘నీ రంగుకు తగిన ఆట ఇది కాదు’ అని దాని అంతరార్థం. తిట్టు పదం ఒక్కటీ లేదు. అయినా నలుగురిని బయటికి పంపారు, ఆ తర్వాత ఆతిథ్య జట్టు సొంత మైదానంలోకి వాళ్లకు ప్రవేశం నిషేధించింది. అంతకు ముందు 2011లో కెనడాలోని లండన్ పట్టణంలో వేన్ సిమండ్స్ అనే నల్లజాతి ఆటగాడి వైపు ఒకడు అరటిపండు తొక్క విసిరాడు. ప్రాంగణంలో నిషిద్ధమైన పని చేశాడన్న నేరం కింద అతనికి 200 డాలర్ల జరిమానా పడింది. పేరు అరవడాన్ని సహించే చోటే పుట్టుకను ఎగతాళి చేస్తే సహించలేదు.

ఇక రెండో సగం. ముందుగా శరీరం గురించి అన్న మాటలు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఉద్దేశంతో మాట అన్నా, సైగ చేసినా న్యాయ సంహిత 79వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు సాధారణ జైలు శిక్ష, జరిమానా. మాటల్లో లైంగిక ధోరణి ఉంటే 75వ సెక్షన్ కూడా వర్తిస్తుంది, దానికి ఏడాది వరకు జైలు.

తెగ పేరుతో తిట్టడం ఇంకా పెద్ద విషయం. తెలంగాణలో లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(1)(ఆర్), 3(1)(ఎస్) క్లాజులు నలుగురికీ కనబడే చోట ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని, కులం పేరుతో దూషించడాన్ని నేరాలుగా చెబుతున్నాయి. ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల వరకు జైలు, జరిమానా. ప్రాథమికంగా నేరం కనబడితే ముందస్తు బెయిలు ఉండదు. స్టేడియం ‘నలుగురికీ కనబడే చోటు’ అవునా కాదా అన్న వాదనకు ఇక్కడ తావే లేదు. కానీ ఎస్టీ వ్యక్తిని తిట్టినంత మాత్రాన ఈ చట్టం వర్తించదని, ఆ తెగకు చెందిన మనిషి కాబట్టే కించపరిచారని తేలాలని సుప్రీంకోర్టు 2020లోనూ, 2024లోనూ స్పష్టం చేసింది. తిట్టినవాళ్లే ఎస్సీలో ఎస్టీలో అయితే ఈ క్లాజులు వర్తించవు, న్యాయ సంహిత సెక్షన్లే మిగులుతాయి. అందుకే ‘కులం పేరుతో తిట్టారు’ అని ముక్తసరిగా రాయకండి. అన్న మాటను అన్నట్టే రాయండి. రాయలేని మాటలని నాకు రాయకపోవడం మర్యాదే, కానీ పోలీసుకు రాయకపోతే కేసు నిలవదు.

హాకీలోనే మన దేశంలో ఇలాంటి కేసు ఒకటి నమోదైంది. 2021 టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో మన మహిళల జట్టు ఓడిన రోజున హరిద్వార్ దగ్గర ఆ జట్టు క్రీడాకారిణి వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చి, కులం పేరుతో దూషించారని కుటుంబం ఫిర్యాదు చేసింది. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసు నమోదైంది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి భారత మహిళ ఆమె. అదీ ఆ టోక్యోలోనే, సెమీఫైనల్‌కు కొద్ది రోజుల ముందు! కాసే చెట్టు సామెత చెప్పిన మీ నిర్వాహకుడికి ఈ సంగతి చెప్పండి.

ఆయన గురించి మరికొంత చెప్పాలి. టికెట్ అంటే ఆ కుర్చీలో షరతులకు లోబడి కూర్చునే అనుమతి మాత్రమే. దానితో పాటు తిట్టే హక్కు అమ్ముడుపోదు. తప్పుగా ప్రవర్తించినవారిని వెళ్లిపొమ్మనే అధికారం నిర్వాహకుడికి ఉంది. వెళ్లమన్నాక కూడా అవమానించాలనో నేరం చేయాలనో అక్కడే ఉండిపోతే అది న్యాయ సంహిత 329వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశం అవుతుంది. ప్రేక్షకుడు నోరు పారేసుకున్నాడని నిర్వాహకుడు ముద్దాయి అయిపోడు. కానీ ‘మూయించలేం’ అన్న జవాబు చట్టరీత్యా తప్పు.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి మీకు బాగా పనికొస్తుంది. మీ చెల్లెలు జీతానికి ఆడుతోంది. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ‘పని ప్రదేశం’ నిర్వచనంలో స్టేడియాన్ని, పోటీలు జరిగే వేదికను పేరు పెట్టి చేర్చింది. అదే చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం ఇచ్చినవారు పని చోట ఎదురయ్యే బయటివారి నుంచి కూడా ఆమెకు రక్షణ కల్పించాలి. పోలీసు ఫిర్యాదు చేయాలని ఆమె కోరితే సాయం చేయాలి. బ్యాంకు కౌంటరులో కూర్చున్న ఉద్యోగినిని ఖాతాదారుడు అలా అంటే ‘ఉద్యోగంలో భాగమే, భరించు’ అని మేనేజర్ అనలేడు కదా. శరీరం గురించి అన్న మాటల విషయంలో ఆమె జట్టు యాజమాన్యానికి లిఖితపూర్వకంగా రాయండి. హాకీ ఇండియా లీగ్ మళ్లీ మొదలైంది, 2025లో మహిళల లీగ్ కూడా వచ్చింది, హైదరాబాద్ తూఫాన్స్ పురుషుల ఫైనల్ దాకా వెళ్లింది. మన అమ్మాయిలకు హాకీ జీవనోపాధి అవుతున్నకొద్దీ యాజమాన్యాలకు ఈ సెక్షన్ గుర్తు చేయక తప్పదు.

అసలు చిక్కు రుజువు దగ్గర వస్తుంది. గుంపులో ఎవరన్నారు? 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన మహమ్మద్ సిరాజ్ అంపైర్లకు ఫిర్యాదు చేస్తే ఆట ఆపి ఆరుగురిని బయటికి పంపారు. దర్యాప్తులో జాతి దూషణ జరిగిందని తేలింది, కానీ ఆ ఆరుగురు దోషులు కారనీ తేలింది. అంతర్జాతీయ మైదానంలో, అన్ని కెమెరాల మధ్య పరిస్థితి అది. ఇక హనుమకొండ గ్యాలరీ సంగతి చెప్పేదేముంది! కాబట్టి ఈ రోజే నిర్వాహకుడికి, మైదానం యాజమాన్యానికి సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. పాత దృశ్యాలపై కొత్తవి రికార్డవడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఎవరైనా ఫోనులో వీడియో తీసి ఉంటే వాట్సాప్‌లో పంపించుకుని ఊరుకోకండి. తీసిన ఫోను, అందులోని అసలు ఫైలు చెరపకుండా ఉంచాలి. ఆ వీడియోకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాల్సి ఉంటుంది. అంపైరు, టెక్నికల్ అధికారి, గోల్ దగ్గరున్న ఇరుజట్ల డిఫెండర్లు సాక్షులు కాగలరు. ఎదుటి జట్టు అమ్మాయి ఒక్కరు చెప్పినా ఆ సాక్ష్యానికి బరువెక్కువ.

ఫిర్యాదు ఏ పోలీసు స్టేషన్లోనైనా ఇవ్వవచ్చు. ఆన్‌లైన్లో పంపితే ఫిర్యాదు చేసినవారు మూడు రోజుల్లో సంతకం చేయాలి. ఎస్సీ, ఎస్టీ చట్టం కింద కేసును డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దర్యాప్తు చేయాలి, వరంగల్ కమిషనరేట్‌లో అది ఏసీపీ. ఎఫ్ఐఆర్ ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని అదే చట్టం 18ఎ సెక్షన్ చెబుతోంది. స్టేషన్లో తీసుకోకపోతే కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ తర్వాత కోర్టుకు వెళ్లవచ్చు. ఎస్టీ ధ్రువీకరణ పత్రం జత చేయండి.

స్టిక్ మాట మాత్రం విరమించమనండి. తీవ్రమైన, ఆకస్మికమైన కవ్వింపు వల్ల కొట్టారంటే శిక్ష తగ్గుతుందే గాని నేరం పోదు. 1995లో ఇంగ్లండ్‌లో తనను తిట్టిన ప్రేక్షకుణ్ని ఫుట్‌బాల్ ఆటగాడు ఎరిక్ కాంటోనా తన్నాడు. ఆ ప్రేక్షకుడికీ శిక్ష పడింది, కానీ కాంటోనాకు ఎనిమిది నెలల నిషేధం, కోర్టు తీర్పుతో 120 గంటల సమాజ సేవ తప్పలేదు. ఇంకోసారి జరిగితే సిరాజ్ చేసినట్టు కెప్టెన్ ద్వారా వెంటనే అంపైరుకు చెప్పాలి. ఆ ఫిర్యాదు మ్యాచ్ నివేదికలోకి ఎక్కేలా చూసుకుంటే అంతకు మించిన రుజువు ఉండదు.

చివరగా, ఉత్తరం మీరు రాశారు, మాటలు పడింది ఆమె. కేసు నడిస్తే కోర్టులో నిలబడి ఆ మాటలు మళ్లీ పలకాల్సిందీ ఆమే. ఫిర్యాదు రాయాలా వద్దా అని ఆమెనే అడగండి, సరేనంటే ఆమె చేతనే రాయించి సంతకం పెట్టించండి.