విశేషణం తొందరపడితే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. రెండో వాక్యంలోనే అత్తగారిని ‘గయ్యాళి’ అనేశావు. ఇక ఆవిడ పాలగిన్నె మీద మూత పెడితే పిసినారితనం, కోడలి వెనకే వంటింట్లోకొస్తే నిఘా. మన దగ్గర ఈ పాత్రకు ముద్ర మరీ గట్టిది. తెరమీద సూర్యకాంతం గారు ఎంత బాగా నటించారంటే, ఆవిడ పేరే గయ్యాళితనానికి మారుపేరైపోయింది. ఆ ముద్ర పడ్డాక పాఠకుడికి కొత్త మనిషి కనిపించడం కష్టం.

1946లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక మనిషి గుణాలంటూ ఏడు మాటలు వినిపించాడు. ఒక గుంపుకు అందులో ‘ఆప్యాయత’ ఉంది, ఇంకో గుంపుకు దాని బదులు ‘ముభావం’. మిగతా ఆరూ ఒకటే. అయినా జాబితాలో లేని ఉదారత మీద కూడా అంచనాలు మారిపోయాయి. 1950లో హెరాల్డ్ కెల్లీ, క్లాసుకు కొత్త లెక్చరర్ వచ్చేముందు పరిచయ కాగితాలు పంచాడు. కొన్నిట్లో చాలా ఆప్యాయంగా ఉంటాడని, కొన్నిట్లో కాస్త ముభావమని ఉంది. తర్వాత అదే గదిలో, అదే మనిషితో జరిగిన చర్చలో మొదటివాళ్లు 56 శాతం మంది నోరు విప్పారు, రెండోవాళ్లు 32 శాతమే.

నీకు పనికొచ్చేది ఈ రెండోదే. మనసులో ముందే పడ్డ ముద్ర చూపునే కాదు, నడతనూ మారుస్తుంది. కోడలు ముందే బిగుసుకుని “ఊఁ”, “సరే” అంటుంది. అత్తగారు రెండుసార్లు పలకరించి మూడోసారి మానేస్తారు. ‘అనుకున్నట్టే ఉంది’ అనుకుంటుంది కోడలు. మొదట ముక్తసరిగా మాట్లాడింది తనేనని ఆమెకు గుర్తుండదు. పాఠకుడికి మాత్రం ఆ “ఊఁ” వినపడాలి. దాన్ని సంభాషణలో ఉంచు, వివరించకు.

మొదటి పేజీలో విశేషణాలన్నిటి కిందా గీత గియ్యి. రూపం చెప్పేవి ఉండనీ, స్వభావం చెప్పేవి కొట్టెయ్. ‘గయ్యాళి’ తప్పదనిపిస్తే కోడలి మనసులో మాటగా రాయి, కథకుడి నోట వద్దు.

చివర్లో అత్తగారు హఠాత్తుగా దేవతైపోవడం కూడా తీసెయ్. అది ఒక ముద్ర చెరిపి ఇంకోటి వెయ్యడమే, పైగా పాఠకుడు మోసపోయాననుకుంటాడు. పాలగిన్నె మూతతో పాటు కిటికీ దగ్గర పిల్లి కూడా మొదటి పేజీలోనే ఉండాలి. కోడలు దాన్ని చూడాలి, చూసి కూడా లెక్కలోకి తీసుకోకూడదు.

ముందు ఆ వంటింటి సన్నివేశం ఒక్కటే తిరగరాసి పంపు.