గుడ్లగూబ ఉండలు పిల్లలతో విప్పించే ముందు

అమ్మాయ్,

ఏడో తరగతి పిల్లలతో గుడ్లగూబ పెల్లెట్లు, అంటే అది నోట్లోంచి కక్కే ఉండలు, విప్పిస్తానని రాశావు, చాలా సంతోషం. తప్పకుండా చేయించు. కాకపోతే కొన్ని సంగతులు ముందే చెప్పాలి.

అది రెట్ట కాదని మొదటి రోజే పిల్లలకు చెప్పు. గుడ్లగూబ ఎలుకను నమలదు, చిన్నదైతే అమాంతం మింగేస్తుంది, మాంసం అరిగిపోయాక మిగిలిన బొచ్చూ ఎముకలూ లోపలే ఉండ చుట్టుకుని కొన్ని గంటల తర్వాత నోట్లోంచి బయటికొస్తాయి. దాని కడుపులోని ఆమ్లం డేగ జాతి పక్షులకున్నంత ఘాటుగా ఉండదు కాబట్టే సన్నటి పుర్రెలు కూడా చెక్కుచెదరకుండా దొరుకుతాయి.

వెతకాల్సింది పాడుబడ్డ గుళ్లలో, పాత గోడౌన్లలో. గోడ మీద తెల్లటి చారలు కనిపిస్తే కింద చూడు. లోపల పిల్లలతో గూడు ఉందనిపిస్తే మాత్రం వెంటనే వెనక్కి వచ్చెయ్. గుడ్లగూబలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఏరే ముందు అటవీ శాఖ వాళ్లను ఒక మాట అడుగు. ఆ చోటు ఎక్కడో ఊరంతా చెప్పకు, దీపావళి వస్తే క్షుద్రపూజల పేరుతో వీటిని పట్టేవాళ్లున్నారు.

ఇక శుభ్రత, ఇందులో మొహమాటం వద్దు. 2001లో అమెరికాలోని మిన్నెసోటాలో పిల్లలు భోజనం చేసే చోటే బడివాళ్లు ఈ ఉండలు విప్పించారు, సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకి పిల్లలకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. ఏరిన ఉండలను ఫాయిల్ కాగితంలో చుట్టి, నీళ్లు తగలకుండా స్టాండు మీద పెట్టి, పాత ప్రెషర్ కుక్కర్లో అరగంట ఆవిరి పట్టించు. ఆ కుక్కర్ మళ్లీ వంటకు వాడకూడదు, మధ్యాహ్న భోజనం వంటగదిలోది అసలే తీసుకోకు. ఫ్రిజ్‌లో పెడితే క్రిములు చస్తాయని ఎవరన్నా అంటే నమ్మకు. పని అన్నం తినే వరండాలో కాకుండా వేరే చోట పెట్టుకో, మాస్కూ గ్లౌజులూ వేయించు, అయ్యాక సబ్బుతో చేతులు కడిగించు, నువ్వు దగ్గరుండి చూడు.

విప్పేటప్పుడు కాస్త గోరువెచ్చని నీళ్లు చల్లితే బొచ్చు వదులవుతుంది. ట్వీజర్లు లేకపోతే టూత్‌పిక్‌లు చాలు. నల్ల కాగితం పరిస్తే ఎముకలు బాగా కనబడతాయి.

చాలామంది ఎముకలు అట్ట మీద అతికించి బొమ్మ చేయించి ఊరుకుంటారు, నాకది నచ్చదు. గుడ్లగూబ ఏం తింది, ఎన్నింటిని తింది, ఈ రెండు ప్రశ్నలూ పిల్లల ముందు పెట్టు. రెండోదానికి పుర్రెలు లెక్కపెట్టడం ఒక దారి, పుర్రె నలిగిపోతే కింది దవడ చూడాలి. ఎలుక కింది దవడ కుడి ఎడమలుగా విడిపోయి ఉంటుంది, ఎడమ ముక్కలు మూడు దొరికితే కనీసం మూడు ఎలుకలు. ఏం తిందనేది పళ్లు చెబుతాయి. ముందు ఉలిలాంటి పొడుగు పళ్లు, వాటి రంగు కాస్త నారింజ, తర్వాత ఖాళీ, ఆ వెనక దవడపళ్లు ఉంటే అది ఎలుకో పందికొక్కో. ఖాళీ లేకుండా వరసగా తెల్లటి మొనదేలిన పళ్లు ఉంటే చుంచు, అంటే ఎలుకలా కనిపించినా ఎలుక కాని ష్రూ. ఈ తేడా నువ్వు చెప్పకు. రెండు దవడలూ పక్కపక్కన పెట్టి, భూతద్దం చేతికిచ్చి ఊరుకో, ఎవరో ఒకరు తప్పకుండా పట్టేస్తారు, అప్పుడు గదంతా ఒకటే హడావిడి!

వరి పండే ఊరి పిల్లలైతే, పొలంలో ఎలుకల బాధ వాళ్లే చెబుతారు. ఇంటి మీద గూబ కూస్తే కీడని నాయనమ్మలు చెప్పిన మాట కూడా బయటికొస్తుంది, కొట్టిపారెయ్యకు, కాగితం మీదున్న దవడలు లెక్కపెట్టమను.

ఒకరిద్దరు మేం ముట్టుకోం అంటారు. బలవంతం చేయకు. వాళ్లకు పుస్తకం ఇచ్చి ఏ ఉండలో ఏం దొరికిందో, ఎక్కడ ఏ తేదీన ఏరిందో రాయమను, గుర్తుపట్టలేని ఎముకలను విడిగా కవర్లో వేయించు.

మీ పెద్దమ్మ