క్రూజ్ ఫార్మల్ నైట్‌కి మగవాళ్ళు టక్సీడో వేసుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. ఫార్మల్ నైట్ అంటే ఓడలో అందరూ బాగా తయారై డిన్నర్‌కి వచ్చే రాత్రి, టక్సీడో అంటే బో టైతో వేసుకునే శాటిన్ కాలర్ నల్ల సూట్. ముదురు రంగు సూట్, తెల్ల చొక్కా, టై, పాలిష్ చేసిన నల్ల బూట్లు ఉంటే దాదాపు ఏ ఓడలోనైనా ఎవరూ అడ్డు చెప్పరు. ఈ విషయంలో బాగా పట్టింపు ఉన్న క్యునార్డ్ అనే క్రూజ్ కంపెనీ కూడా గాలా సాయంత్రాలకి (వాళ్ళ ఫార్మల్ నైట్‌లకి) టక్సీడోతో పాటు డార్క్ సూట్‌ని ఒప్పుకుంటుంది. నార్వేజియన్ అనే క్రూజ్ కంపెనీలో అయితే ఫార్మల్‌గా తయారవ్వాలన్న నిబంధనే లేదు.

ఏడు రాత్రుల ప్రయాణంలో ఇలాంటి ఫార్మల్ నైట్‌లు మామూలుగా రెండే ఉంటాయి, వాటికోసం కొత్తగా టక్సీడో కొనడం దండగని నా అభిప్రాయం. కానీ ఇంట్లో ఉంటే మాత్రం మొహమాటపడకుండా వేసుకోండి, ఎందుకంటే ఆ మెరిసే శాటిన్ కాలర్, చేత్తో కట్టుకున్న బో టై కాస్త అటూ ఇటూ ఒరిగినా సరే, ఫోటోల్లో భలే ఉంటాయి, పైగా అలా తయారయ్యే అవకాశం మనకి మళ్ళీ మళ్ళీ రాదు.

ఒకటి మాత్రం చూసుకోండి: కోటు భుజాల దగ్గర సరిగ్గా కూర్చోవాలి, చొక్కా కఫ్ అర అంగుళం బయటికి కనిపించాలి. వదులుగా వేలాడే అద్దె టక్సీడో కన్నా ఒంటికి అతికినట్టుండే సూట్ వంద రెట్లు నయం. రెండూ ఇష్టం లేకపోతే ఆ పూట బఫేలో తినేయొచ్చు, అక్కడ ఇంత పట్టింపు ఉండదు. బయల్దేరే ముందు మీ క్రూజ్ కంపెనీ డ్రెస్ కోడ్ పేజీ ఒకసారి చదవండి.