పిత్తాశయం తీసేశాక కొబ్బరి చెట్టు ఎక్కొచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 44 ఏళ్లు. కొబ్బరి దింపు పని చేస్తారు. రెండు నెలల్లో మూడుసార్లు, రాత్రి భోజనం అయ్యాక కుడి డొక్కలో భరించలేని నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని మాత్రలు వేసుకున్నారు. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లున్నాయని, లాప్రోస్కోపీ చేయించమని చెప్పారు. కొండపిండి ఆకు రసం తాగితే కరిగిపోతాయని ఊళ్లో అంటున్నారు. ఆపరేషన్ చేయిస్తే మళ్లీ చెట్టు ఎక్కగలరా? మా ఇల్లు గడిచేది ఆ పనితోనే.
– ఒక సోదరి, అంబాజీపేట

జవాబు: ఎక్కగలరమ్మా. కాకపోతే కొన్ని వారాలు ఆగాలి.

కొండపిండి ఆకును మనవైపు కిడ్నీ రాళ్లకు వాడతారు. ఇది ఆ రాయి కాదు. పిత్తాశయంలో రాయి ఎక్కువగా కొలెస్ట్రాల్ గట్టిపడి తయారవుతుంది. ఆకు రసానికి అది కరగదు. జారి పిత్తనాళంలో ఇరుక్కుంటే కామెర్లు రావచ్చు, క్లోమం వాచి ప్రాణం మీదికీ రావచ్చు. నొప్పి లేకుండా స్కానింగ్‌లో ఊరికే కనబడిన రాళ్లకైతే చాలామందికి ఆపరేషన్ అక్కర్లేదనే చెబుతాను. మీవారికి మూడుసార్లు నొప్పి వచ్చింది కాబట్టి వాయిదా వేయొద్దు.

రాళ్లు మాత్రమే తీస్తే చాలదా అని అందరూ అడుగుతారు. సంచి ఉంటే మళ్లీ రాళ్లు పుడతాయి, అందుకే సంచినే తీసేస్తారు. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో. పిత్తాశయం దాన్ని నిల్వ చేస్తుందంతే. అది లేకపోయినా అన్నం అరుగుతుంది. కొందరికి మొదట్లో కాస్త విరేచనాలవుతాయి, తర్వాత సర్దుకుంటాయి.

లాప్రోస్కోపీలో మత్తు ఇచ్చి, పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, సాధారణంగా నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. పెద్దది సుమారు ఒక సెంటీమీటరు. బొడ్డు దగ్గర కెమెరా. పిత్తాశయం నాళానికీ రక్తనాళానికీ క్లిప్పులు వేసి, కత్తిరించి, సంచిని రంధ్రంలోంచి బయటికి లాగుతారు. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా ఈ ఆపరేషన్ మొదలుపెట్టారు. ఇప్పుడు చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్తున్నారు. భుజం లాగితే భయపడకండి, లోపల మిగిలిన గ్యాస్ వల్లే.

ప్రమాదమే లేదని చెప్పను. ప్రధాన పిత్తనాళానికి గాయం కావడం అరుదే గానీ, అయితే పెద్ద సమస్య. వాపు బాగా ఉండి లోపల భాగాలు స్పష్టంగా కనబడకపోతే సర్జన్ పొట్ట కోసి పూర్తి చేస్తారు. దాన్ని ఫెయిలవడం అనుకోవద్దు, రోగి క్షేమం కోసమే అలా చేస్తారు. ఈ ఆపరేషన్ తరచూ చేసే సర్జన్‌నే ఎంచుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఈలోగా వేపుళ్లు, నూనె తేలే కూరలు తగ్గించండి. జ్వరం, చలి, కళ్లు పచ్చబడటం, కొన్ని గంటలైనా తగ్గని నొప్పి... వీటిలో ఏది కనబడినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పచ్చకామెర్లని పసరు మందుకు తిరగొద్దు. అలా రోజులు పోగొట్టుకుని వచ్చినవాళ్లను చూస్తుంటే నాకు చాలా బాధేస్తుంది. ఆపరేషన్ తర్వాత ఇవే లక్షణాలు వచ్చినా అంతే, వెంటనే వెళ్లాలి.

ఇక చెట్టు సంగతి. ఇంట్లో నడక మర్నాటి నుంచే. తేలిక పనులు వారం, పది రోజుల్లో. చెట్టెక్కేటప్పుడు మాత్రం పొట్ట కండరాల మీద బరువంతా పడుతుంది. తొందరపడితే బొడ్డు దగ్గర గాయం లోపల విడిపోయి హెర్నియా (పేగు బయటికి ఉబ్బడం) రావచ్చు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమనండి. ఒక దింపు పోతుందని తెలుసు. అందుకే చేతిలో పని తక్కువగా ఉన్న రోజులు చూసి ఆపరేషన్ పెట్టించుకోండి, మరీ నెలలు దాటనివ్వకుండా. మొదటి చెట్టు ఎక్కేముందు ఒకసారి సర్జన్‌కు బొడ్డు దగ్గర గాయం చూపించి, సరేనన్నాకే ఎక్కమని చెప్పండి.