కోడ్ చెరిపేసి, గేర్‌బాక్స్ పోయిందా అని అడిగితే ఎలా?

ప్రశ్న: మాది 2006 మోడల్ ఆటోమేటిక్ కారు. గేరు మారేటప్పుడు కుదుపు వస్తోంది. ఒక్కోసారి మూడో గేరులోనే ఉండిపోయి వేగం అందుకోదు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సర్దుకుంటుంది. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారులోని పోర్టుకు తగిలించి లోపాల కోడ్లు చదివే చిన్న పరికరం) కొని ఫోన్ యాప్‌లో చూస్తే పీ0700, 'ట్రాన్స్‌మిషన్ ఫెయిల్యూర్' అని ఎర్రటి అక్షరాల్లో వచ్చింది. చెరిపేశాను, మళ్లీ వచ్చింది. గేర్‌బాక్స్ మార్చాల్సిందేనా? టెన్షన్‌తో డాంగిల్‌ని కారులోనే ఉంచేసి రోజూ చూసుకుంటున్నాను.

జవాబు: వారం మారినా ఈ ప్రశ్న మారడం లేదు. కోడ్ ఇదే, 'చెరిపేశాను' అన్న ముక్కా ఇదే.

పీ0700 అంటే గేర్‌బాక్స్ పోయిందని కాదు. గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ 'నా దగ్గర ఒక లోపం నమోదైంది, లైటు వెలిగించు' అని ఇంజిన్ కంప్యూటర్‌కు పంపిన కబురు, అంతే. ఆ లోపమేమిటో ఇందులో ఉండదు. టెలిగ్రామ్ వచ్చిందనగానే విప్పి చూడకుండా ఏడుపు లంకించుకునేవారట వెనకటికి. ఆ యాప్ చేసిందీ అదే. అసలు కోడ్ గేర్‌బాక్స్ కంప్యూటర్లో ఉంటుంది. చవక డాంగిళ్లలో చాలావాటికి అక్కడిదాకా వెళ్లి చదవడం రాదు. అది చదవగలిగే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి వెళ్లండి. పీ0715 వస్తే స్పీడ్ సెన్సర్‌దో దాని వైరుదో గొడవ. పీ0750 అయితే గేర్లు మార్చే ఆయిల్‌ను అదుపు చేసే కరెంటు వాల్వు, అంటే సోలెనాయిడ్ వైపు చూడాలి. పీ0730 వచ్చి, ఆయిల్ కూడా మాడు వాసన కొడుతుంటే మాత్రం లోపల క్లచ్‌లు అరిగాయని అనుమానించాల్సిందే.

మూడో గేరులో ఉండిపోవడం చాలావరకు కారు తనను తాను కాపాడుకునే పద్ధతి. దాన్నే లింప్ మోడ్ అంటారు. పాత కారు కాబట్టి ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు, గేర్‌బాక్స్ కనెక్టర్ చూపించండి. కరెంటు సరిగా అందకపోతే ఈ కంప్యూటర్లు లేనిపోని కోడ్లు ఇస్తాయి. ఆ తర్వాత ఆయిల్. గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే ఒక కథ, పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయని ఇంకో కథ. రెండోదైతే కారు అసలు నడపొద్దు.

కోడ్ చెరిపేయడం మీద నాకున్న కోపం ఇంకా తీరలేదు. లోపం నమోదైన క్షణంలో వేగమెంత, ఇంజిన్ ఎంత తిరుగుతోంది, ఎంత వేడి మీద ఉంది అన్నది కారు ఫ్రీజ్ ఫ్రేమ్‌గా దాచుకుంటుంది. చెరిపితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. సాక్ష్యం తుడిచేసి దొంగను పట్టమంటే ఎలా? అయినా తప్పంతా మీదని అనను. 'క్లియర్' బటన్‌ను అరచేయంత పెట్టి, ఫ్రీజ్ ఫ్రేమ్‌ను ఎక్కడో మెనూ లోపలి మెనూలో దాచిన డిజైనర్‌ను అనాలి.

నన్ను నిజంగా భయపెట్టింది మీ చివరి వాక్యం. డాంగిల్ తగిలించే ఆ పోర్టులో 16వ పిన్‌కు కారు ఆపేసినా బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. అంటే మీ డాంగిల్ రాత్రీ పగలూ మేలుకునే ఉంది. బ్యాటరీని తాగడం సరే, పోర్టు తలుపు కూడా తెరిచి పెట్టింది. ఈ డాంగిళ్లలో చాలావాటికి ఫోన్‌తో జత కలిపే పిన్ నంబరు 1234, లేదంటే 0000. మార్చుకునే వీలుండదు. వైఫై రకాల్లో కొన్నిటికి పాస్‌వర్డే ఉండదు. చాలా పాత కార్లలో ఆ పోర్టుకూ లోపలి కంప్యూటర్లకూ మధ్య కాపలా లేదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాగే పోర్టుకు తగిలించే ఒక పరికరానికి ఎస్‌ఎంఎస్‌లు పంపి, ఒక కారు బ్రేకులను తమ చేతిలోకి తీసుకుని చూపించారు. దానిలో సిమ్ ఉంది, మీ బ్లూటూత్‌కు మనిషి దగ్గరికి రావాలి. ఆ తేడా ఉంది. అయితే రాత్రంతా ఆగి ఉన్న కారు దగ్గరికి రావడానికి ఎవరి అనుమతి కావాలి?

యాప్ సంగతీ చూడండి. ఆండ్రాయిడ్ 11 వరకు బ్లూటూత్ పరికరాలను వెతకడానికి లొకేషన్ అనుమతి తప్పనిసరి, కాబట్టి పాత ఫోన్‌లో అది అడిగితే తప్పులేదు. 12 నుంచి దానికి వేరే అనుమతి వచ్చింది. మరి కాంటాక్టులెందుకు? గేర్‌బాక్స్ కుదుపుకూ మీ మేనమామ నంబరుకూ ఏం సంబంధం? అడిగితే యాప్ తీసేయండి. డాంగిల్‌ని కూడా చూసుకున్న వెంటనే పీకి డాష్‌బోర్డు అరలో పడేయండి.

ఇంకో మాట. 'జీవితకాలం ఆయిల్ మార్చనక్కర్లేదు' అని చెప్పి, చూసుకోవడానికి డిప్‌స్టిక్ కూడా లేకుండా గేర్‌బాక్స్‌కు సీలు వేసే కార్ల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఎవరి జీవితకాలం? కారుదా, వారంటీదా? ఫోన్లకు బ్యాటరీ అతికించేసేవాళ్ల బుద్ధీ ఇదే. విప్పి చూసుకునే వీలు తీసేస్తే లోపం కనిపించదు, కనిపించేసరికి మార్చేయడం తప్ప దారి మిగలదు. మీ 2006 కారులో డిప్‌స్టిక్ ఉంటే అదృష్టవంతులు. మాన్యువల్‌లో చెప్పినట్టు, సాధారణంగా ఇంజిన్ వేడెక్కాక, నడుస్తుండగానే, చదునైన చోట చూడాలి.

ఈసారి రాసేటప్పుడు కోడ్ చెరపకముందే తీసిన స్క్రీన్‌షాట్, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలు, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడూ నడుస్తున్నప్పుడూ బ్యాటరీ వోల్టేజి పంపండి. మొదటిది 12.6 దగ్గర, రెండోది 14 దగ్గర ఉండాలి. ఆయిల్‌ను తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి ఫోటో తీసినా చాలు.