గట్టు మీది మొక్క నీలియా, వెంపలియా?

అనంతపురం దగ్గర చేని గట్టున ఎండాకాలం మాడిపోయి, వానలు పడగానే అదే మోడు నుంచి మళ్లీ చిగురించే ఊదా పూల మొక్క నీలేనా (నీలిరంగు తీసే మొక్కేనా) అని అడిగారు. మీరు చెప్పినదాన్ని బట్టి అది వెంపలి అండీ. చిక్కుడు కుటుంబంలోని, ఏళ్ల తరబడి బతికే మొక్క, వేరు బాగా లోతుకు దిగుతుంది కాబట్టే మన ఎర్రనేలల్లో, రాళ్లలో కూడా బతుకుతుంది. చిన్న ఆకు ఒకటి కొస పట్టుకుని లాగి చూడండి, అడ్డంగా కాకుండా బాణం మొనలా తెగుతుంది, నాకైతే ఇదే నమ్మకమైన గుర్తు. కాయ కూడా బల్లపరుపుగా, కొద్దిగా వంగి ఉంటుంది. నీలి కాయైతే సన్నటి పుల్లలా గుండ్రంగా ఉంటుంది. వేరు బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది, అందుకే పీకి పారేయకుండా పూత మీద ఉండగా కోసి పచ్చిరొట్ట ఎరువుగా చేలో వేసి దున్నేయండి.